చేతులు కడిగించారు సరే, గాలి సంగతేంటండీ?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో కరోనా నేర్పిన పాఠాలంటూ పెద్ద వ్యాసం ఒకటి వేశారు కదండీ, అది చదివాక ఊరుకుందామనే అనుకున్నా కానీ ఊరుకోలేక రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, మీరు కత్తిరించుకున్నా పర్వాలేదు గానీ అసలు విషయం మాత్రం ఉంచండి. ఆ వ్యాసంలో మనం నేర్చుకున్నవి ఏంటంటే చేతులు కడుక్కోవడం, దూరంగా నిలబడడం, క్రమశిక్షణ, బాధ్యత, ఇలా పోతూ ఉంటుంది, మొత్తం చదివేసరికి స్కూల్లో మోరల్ సైన్స్ క్లాసులో కూర్చున్నట్టు అనిపించింది. తప్పని అనట్లేదు. కానీ అంత వ్యాసంలో గాలి అనే మాట ఒక్కసారంటే ఒక్కసారి కూడా లేదు, ఎక్కడైనా మిస్సయ్యానేమో అని రెండోసారి వెతుక్కుంటూ మరీ చదివా. ఊపిరిలో వచ్చి ఊపిరిలో పోయే జబ్బు గురించి రాస్తూ గాలి మాటే లేకుండా ఎలా రాశారబ్బా అనుకున్నా, కాసేపయ్యాక అనిపించింది, పాపం రాసినాయన తప్పేం కాదు, మనందరికీ నేర్పిందే అలాగ.

ఈమధ్య ఒక క్లినిక్‌లో కూర్చున్నా. చిన్న వెయిటింగ్ రూమ్, ఇరవై మంది పైనే ఉన్నాం, తలుపు మూసి ఏసీ వేశారు. గుమ్మం పక్కన కాలితో తొక్కే శానిటైజర్ స్టాండు ఇంకా అక్కడే ఉంది, దాంట్లో సీసా ఖాళీ, అడుగున ఎండిపోయి తెల్లగా చారలు కట్టింది, అయినా వచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు అలవాటుగా తొక్కి, ఏం రాకపోయినా చేతులు రుద్దుకుని లోపలికొచ్చారు. నేల మీద అప్పట్లో వేసిన పసుపు గుండ్రాలు సగం చెరిగిపోయి ఉన్నాయి, వాటి మీదే కుర్చీలు వేసేశారు. ఇంతలో ఒక పెద్దాయన దగ్గాడు. ఒక్కసారిగా గదంతా ఆయన వైపు తిరిగింది, పక్క కుర్చీ ఆవిడ లేచి అవతలికి వెళ్ళి కూర్చుంది, ఆయన పాపం తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, నాకేం లేదమ్మా అలర్జీ, అలర్జీ అంటూ గొణుక్కుంటూ ఉండిపోయాడు. ఆ గదిలో రెండు పెద్ద కిటికీలున్నాయండీ. రెండూ పెయింటు వేసినప్పుడు అతుక్కుపోయి తెరుచుకోకుండా ఉన్నాయి. కిటికీ వైపు ఒక్కరు చూడలేదు. నేను లేచి లాగి చూసి, అక్కడున్న అబ్బాయిని బాబూ ఇది తెరుచుకోదా అని అడిగితే, ఏసీ పోద్ది సార్ అన్నాడు. అంతే, అక్కడితో మాట అయిపోయింది.

నేను చెప్పదల్చుకున్నదంతా ఆ గదిలోనే ఉంది. దగ్గిన మనిషి అందరికీ కనపడ్డాడు, తెరుచుకోని కిటికీ ఎవరికీ కనపడలేదు. మహమ్మారి రాజకీయం అంటే మనం ఏ దేశంలో ఏ నాయకుడు ఏమన్నాడు, ఎవరు ఎప్పుడు లాక్‌డౌన్ పెట్టారు అని మాట్లాడుకుంటాం, నా దృష్టిలో అంతకంటే పెద్ద రాజకీయం ఏంటంటే జబ్బు భారం ఎవరి నెత్తిన వేశారు అనేది. చేతులు ఎవరివి వాళ్ళవి, కాబట్టి కడుక్కోవాల్సింది ఎవరికి వాళ్ళే, కడుక్కోకపోతే తప్పు వాళ్ళదే. గది గాలి ఎవడి సొంతమూ కాదు. దాన్ని బాగుచెయ్యాలంటే బిల్డింగు ఓనరు ఖర్చు పెట్టాలి, కంపెనీ పెట్టాలి, స్కూలు పెట్టాలి, సర్కారు రూలు పెట్టాలి. ఈ రెంటిలో ఏది తేలిగ్గా ప్రచారం అవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు జరిగింది ఒకసారి గుర్తు చేసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ ఎమర్జెన్సీ అంది, మార్చి 11న పాండెమిక్ అనే మాట వాడింది, మార్చి 28న ట్విట్టర్‌లో కొవిడ్ గాలి ద్వారా వచ్చేది కాదు అని, ఆ కాదు అన్నదాన్ని మరీ పెద్దక్షరాల్లో పెట్టి రాసింది. దానికి సరిగ్గా పద్దెనిమిది రోజుల ముందు, మార్చి 10న, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ వెర్నన్ అనే చిన్న ఊళ్ళో ఒక కోయిర్ వాళ్ళు పాటల ప్రాక్టీసుకి ఒక హాల్లో కలిశారు. 61 మంది. గుమ్మం దగ్గర శానిటైజర్ పెట్టుకున్నారు, కౌగిలింతలు, షేక్‌హ్యాండ్‌లు వద్దనుకున్నారు, అంటే అప్పటికి చెప్పిన జాగ్రత్తలు చాలావరకు తీసుకున్నట్టే. రెండున్నర గంటలు పాడుకున్నారు. తర్వాత లెక్క చూస్తే 53 మందికి జబ్బు చేసింది, ఇద్దరు చనిపోయారు. కుర్చీలు దగ్గర దగ్గరగా ఉన్నాయి నిజమే, కానీ ఒక్క మనిషి నుంచి హాల్లో ఆ మూల నుంచి ఈ మూల దాకా యాభై మందికి పాకాలంటే అది చేతుల వల్ల, తలుపు గడియల వల్ల అయ్యే పనేనా? గట్టిగా పాడుతున్నప్పుడు నోట్లోంచి వచ్చే సన్నటి తుంపర సిగరెట్ పొగలాగా గదంతా కమ్ముకుంటుంది. పొగ అయితే కంటికి కనిపిస్తుంది, అంతే తేడా.

జూలైలో 239 మంది సైంటిస్టులు కలిసి, ఆస్ట్రేలియాలో ఉండే లిడియా మొరావ్‌స్కా, అమెరికాలో డొనాల్డ్ మిల్టన్ అనే ఇద్దరు ముందుండి, అయ్యా గాలి సంగతి పట్టించుకోండి అని బహిరంగ లేఖ రాశారు. అప్పటిగ్గానీ ఆరోగ్య సంస్థ, గాలి ద్వారా వచ్చే అవకాశం లేకపోలేదు అన్నంత మెత్తగానైనా ఒప్పుకోలేదు. సూటిగా గాలి ద్వారా వస్తుంది అని తమ వెబ్‌సైట్‌లో స్పష్టంగా రాసుకునేసరికి 2021 వచ్చేసింది. ఈలోపు మనం ఏం చేస్తున్నాం? కొరియర్ పార్శిళ్ళు ఎండలో పెట్టుకుంటున్నాం, నోట్లు ఇస్త్రీ చేసుకుంటున్నాం, లిఫ్టు బటన్లు మోచేత్తో నొక్కుతున్నాం, రోడ్ల మీద మందు కొట్టిస్తున్నాం. 2021 ఏప్రిల్‌లో అమెరికా సర్కారు వాళ్ళ జబ్బుల నివారణ సంస్థ, సీడీసీ వాళ్ళే చెప్పారు, వైరస్ ఉన్న వస్తువుని ఒకసారి ముట్టుకుంటే జబ్బు వచ్చే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువని. ఆ ముక్క ఎంతమందికి చేరిందో నాకు తెలీదు గానీ మా ఆఫీసులో ఆ తర్వాత ఏడాదిన్నర కూడా ఒకావిడ రోజుకి నాలుగుసార్లు అందరి టేబుళ్ళూ మందుతో తుడుస్తూనే ఉండేది, తలుపులన్నీ బిగించిన హాల్లో, ఒక బట్ట మాస్కు కట్టుకుని, ఆ మందు ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ. మమ్మల్ని కాపాడ్డానికి ఆవిణ్ణి పెట్టారు, ఆవిడ పీల్చే గాలి గురించి మాత్రం మాలో ఎవరమూ నోరెత్తలేదు, నాతో సహా. వారియర్స్ అని మెయిల్ మాత్రం పంపారు, దాంట్లో చప్పట్ల బొమ్మ ఒకటి.

చప్పట్లంటే గుర్తొచ్చింది. చాలా దేశాల్లో సాయంత్రం పూట బాల్కనీల్లోకి వచ్చి ఆసుపత్రి వాళ్ళకి చప్పట్లు కొట్టారు, మంచిదే, మనసులో ఉన్నదే కొట్టారు. కానీ ఇక్కడ ఒక చిన్న మెలిక ఉందండీ, మామూలు జనానికి అంతగా తెలీనిది. ఆసుపత్రుల రూల్సులో జబ్బు దగ్గర్లోనే రాలిపోయే పెద్ద తుంపర్ల వల్ల వస్తుంది అని రాసుకుంటే నర్సుకి మామూలు సర్జికల్ మాస్కు ఇస్తే చాలు. అదే గాలి వల్ల వస్తుంది అని రాసుకుంటే ఎన్95 ఇవ్వాలి, ప్రత్యేకమైన గది ఉండాలి, గాలి బయటికి లాగే ఏర్పాటు ఉండాలి. అంటే తుంపరా గాలా అనేది డాక్టర్ల మధ్య మాటల తగాదా ఒక్కటే కాదు, ఖర్చు తగాదా కూడా. మాస్కులే దొరకని రోజుల్లో ఏ మాట వాడాలన్నదాని మీద ఆ కరువు నీడ పడలేదంటే నేను నమ్మను. ఎవరో కావాలని కుట్ర చేశారని మాత్రం అనట్లేదు, అలా అనేవాళ్ళ వీడియోలు చూసీ చూసీ విసుగొచ్చింది. కుట్ర అక్కర్లేదండీ, లోకంలో చాలా అన్యాయాలు కుట్ర లేకుండానే సాఫీగా నడిచిపోతుంటాయి.

ఇక ఈ గాలి అంటే డాక్టర్లకి అంత భయం ఎందుకు అంటే దానికి పాత కథ ఉంది. నూట యాభై, రెండొందల ఏళ్ళ కిందట రోగాలన్నీ చెడు గాలి వల్లే వస్తాయనుకునేవాళ్ళు. మలేరియా అనే పేరుకి అర్థమే చెడ్డ గాలి, ఇటాలియన్ మాట అది. 1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు, గాలి మీద ఉన్న నింద ఒకటి అలా పోయింది. కలరా నీళ్ళ వల్ల అని తేలింది, ఇంకోటి పోయింది. 1910 నాటికి చార్లెస్ చేపిన్ అనే అమెరికా ఆరోగ్యాధికారి, గాలి గాలి అనడం మానండి, అంటుకోవడం వల్లే, దగ్గరగా మెలగడం వల్లే అన్నాడు, అదే వైద్యానికి వేదమైపోయింది. అక్కణ్ణుంచి ఎవరు గాలి అన్నా మళ్ళీ పాత మూఢనమ్మకం తెచ్చాడ్రా అన్నట్టు చూడ్డం మొదలైంది. మన మాటలు చూడండి, అంటువ్యాధి అంటాం, అంటే ముట్టుకుంటే వచ్చేది అని పేరులోనే తేల్చేశాం. గాలి సోకింది అంటే దయ్యం పట్టిందని అర్థం మనకి! చదువుకున్నవాడు ఎవడూ గాలి వల్ల జబ్బు చేసింది అనడానికి సాహసించడు, నవ్వుతారని.

అలా నవ్వినవాళ్ళ గతి ఏమైందో చెప్పే ఉదంతం కూడా ఉంది. అదే 1910 చలికాలంలో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చింది, హార్బిన్ అనే ఊళ్ళో జనం పిట్టల్లా రాలిపోతున్నారు. చైనా ప్రభుత్వం వు లియెన్ తే అనే కుర్ర డాక్టర్ని పంపింది, పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివినాయన. ఆయన శవాన్ని కోసి చూసి, ఇది ఎలకల మీదుండే పురుగుల వల్ల కాదు, మనిషి నుంచి మనిషికి ఊపిరి ద్వారా పాకుతోంది, అందరూ మాస్కులు కట్టండి అన్నాడు, దూది, గాజుగుడ్డ మడతలు పెట్టి ఆయనే ఒక మాస్కు తయారుచేశాడు. మెస్నీ అని పేరున్న ఫ్రెంచి డాక్టరు అక్కడికొచ్చి, నువ్వా నాకు చెప్పేది అన్నట్టు జాతి పేరు పెట్టి తిట్టి మరీ, మాస్కు లేకుండా రోగుల దగ్గరికి వెళ్ళాడు. కొద్ది రోజుల్లోనే పోయాడు. ఆయన పోయాక ఊరంతా మాస్కులు కట్టింది. ఆ ప్లేగులో అరవై వేల మంది దాకా చనిపోయారు. మాస్కు రాజకీయం మొన్న 2020లో పుట్టిందనుకునేవాళ్ళు ఇది చదవాలి, అలాగే 1919లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కుకి వ్యతిరేకంగా ఏకంగా ఒక సంఘమే పెట్టుకుని మీటింగులు పెట్టారని కూడా.

తర్వాత 1950ల చివర్లో బాల్టిమోర్‌లో ఒక ఆసుపత్రిలో ఇంకో పని చేశారు, నాకు చాలా ఇష్టమైన ప్రయోగం అది. విలియం వెల్స్, రిచర్డ్ రైలీ అని ఇద్దరు, టీబీ వార్డులోని గాలిని గొట్టాల్లోంచి పైనున్న గదిలోకి పంపించారు, ఆ గదిలో గినీ పిగ్స్‌ని పెట్టారు. వాటిని రోగి ముట్టుకోలేదు, రోగి మొహం కూడా అవి చూడలేదు. టీబీ వచ్చింది. అలాంటిదే ఇంకో గదికి వెళ్ళే గాలిని మాత్రం అల్ట్రావయొలెట్ లైటు కిందనుంచి పంపారు, ఆ గదిలో వాటికి రాలేదు. ఇంతకన్నా తేటగా ఏం చెప్పాలి? కానీ ఆ పాఠాన్ని టీబీ చాప్టర్లో పెట్టి మూసేశారు, మిగతా జబ్బులకి వద్దన్నారు. పైగా ఐదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పెద్ద తుంపర అయితే ఆరడుగుల్లోపు నేల మీద పడిపోతుందని పుస్తకాల్లో ఒక లెక్క పాకిపోయింది, కొవిడ్ వచ్చాక లిన్సీ మార్ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్, ఆవిడతోటి వాళ్ళు ఆ లెక్క ఎక్కడ పుట్టిందా అని పాత కాగితాలు తవ్వుకుంటూ పోతే, నిజానికి అలా దబ్బున పడిపోయేవి వంద మైక్రాన్లవి, ఐదు అనేది టీబీ క్రిమి ఊపిరితిత్తుల అడుగుదాకా పోవడానికి ఉండాల్సిన సైజు అట, రెండూ ఎక్కడో కలిసిపోయాయి. క్లినిక్‌లో చెరిగిపోయిన ఆ పసుపు గుండ్రాలు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది, ప్రపంచమంతా నేల మీద గుండ్రాలు గీయించిన లెక్కకి అడుగున ఎప్పుడో పడ్డ పొరపాటు ఒకటుంది.

దూరం మంచిదే, దగ్గరగా ఉంటే ఎదుటివాళ్ళ ఊపిరి చిక్కగా తగులుతుంది కాబట్టి. అయితే మూసిన గదిలో రెండు గంటలు కూర్చున్నాక ఆరడుగులా, పదడుగులా అనేది పెద్దగా లెక్కలోకి రాదు. ఆ దూరానికి సామాజిక దూరం అని పేరు పెట్టడం ఇంకో తప్పు, ఆరోగ్య సంస్థే 2020 మార్చిలో ఆ మాట వద్దు, భౌతిక దూరం అనండి అంది, మన పేపర్లు మాత్రం ఎక్కువగా పాతదే పట్టుకున్నాయి. మనిషిని మనిషి దూరం పెట్టడం అనే మాటకి తెలుగులో ఎంత బరువుందో రాసేవాళ్ళకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ.

ఇంకో విడ్డూరం. చాలా దేశాల్లో పార్కులు మూశారు, బీచ్‌లు మూశారు, పిల్లల ఉయ్యాలలకి టేపులు చుట్టారు, ఆరుబయట బెంచీ మీద ఒంటరిగా కూర్చున్నవాణ్ణి పోలీసులు లేపి ఇంటికి పంపారు. గాలి ధారాళంగా ఉన్నచోటు నుంచి తరిమి గాలి లేని చోటుకి పంపడం అన్నమాట. ఇల్లు అంటే మూడు గదులు ఉన్నవాడికి ఒకటి, ఒకే గదిలో ఆరుగురు ఉండేవాళ్ళకి ఇంకొకటి కదా. ఇంట్లో ఉండండి, క్షేమంగా ఉండండి అన్నప్పుడు చెప్పేవాళ్ళ కళ్ళ ముందు ఎలాంటి ఇల్లు ఉందో ఆలోచించండి. ఒంట్లో బాగాలేకపోతే పనికి రావద్దు అన్నారు, రాకపోతే జీతం వస్తుందా రాదా అన్నది మాత్రం పోస్టర్ల మీద వేయలేదు. జీతం కోసం జ్వరం దాచుకుని వచ్చినవాణ్ణి బాధ్యత లేనివాడు అన్నాం.

నింద వెయ్యడానికి మనకి ఒక మొహం కావాలండీ. గాలికి మొహం ఉండదు. అందుకే జబ్బుకి ఊరి పేరో, దేశం పేరో, కులం పేరో, మతం పేరో అతికిస్తే గానీ మనసు ఊరుకోదు. 1918 ఫ్లూకి స్పెయిన్ పేరు ఎలా వచ్చిందో మీ వృత్తిలో వాళ్ళకి బాగా తెలిసే ఉంటుంది, యుద్ధంలో ఉన్న దేశాల్లో పత్రికల మీద సెన్సారు, స్పెయిన్ యుద్ధంలో లేదు కాబట్టి వాళ్ళ పేపర్లు తమ రాజు పదమూడో అల్ఫాన్సోకి జబ్బు చేసిందని సహా ఉన్నదున్నట్టు రాశాయి, నిజం రాసిన పాపానికి జబ్బు వాళ్ళ పేరున పడింది. 2015లో ఆరోగ్య సంస్థ ఇకపై ఊళ్ళ పేర్లు, జాతుల పేర్లు జబ్బులకి పెట్టొద్దు అని నియమం పెట్టింది, 2021 మే చివర్లో వేరియంట్లకి ఆల్ఫా, డెల్టా అని గ్రీకు అక్షరాలు తెచ్చింది కూడా అందుకే. పేర్లు మారాయి గానీ దగ్గినవాడి వైపు తిరిగే మన మెడ మాత్రం మారలేదు.

ఇక్కడ మీకో పోలిక చెప్పాలి, అసలు ఈ ఉత్తరం రాయాలనిపించింది దీని గురించే. 1892లో జర్మనీలో హాంబుర్గ్‌కి కలరా వచ్చింది. ఆ ఊరిని ఆనుకునే ఆల్టోనా అనే ఇంకో ఊరు, రెంటికీ మధ్య సరిహద్దు వీధులే. రెండు ఊళ్ళూ ఎల్బే నది నీళ్ళే తాగుతాయి, ఆల్టోనా దిగువన ఉంది, అంటే హాంబుర్గ్ మురికి కలిసిన నీళ్ళే దానికి వచ్చేది. కానీ ఆల్టోనా వాళ్ళు నీళ్ళని ఇసకలో వడగట్టి పంపేవాళ్ళు, హాంబుర్గ్ వాళ్ళు ఖర్చు ఎవరు పెట్టాలని ఏళ్ళ తరబడి వాదించుకుంటూ వడపోత కట్టకుండా కూర్చున్నారు. హాంబుర్గ్‌లో ఎనిమిదిన్నర వేల మంది చనిపోయారు. ఆల్టోనాకి పెద్దగా ఏం కాలేదు. ఒకే వీధికి ఈ పక్క శవాలు, ఆ పక్క మామూలు బతుకు. ఈ పక్కవాళ్ళు ఆ పక్కవాళ్ళ కంటే శుభ్రం తక్కువ మనుషులా? క్రమశిక్షణ లేనివాళ్ళా? కాదు, గొట్టం వేరు, అంతే. ఆ తర్వాత ఇక వాదనకి తావు లేకుండా పోయింది, నీళ్ళు శుద్ధి చేసి ఇవ్వడం సర్కారు పని అని స్థిరపడింది. అదే కలరా కోసం లండన్‌లో 1854లో జాన్ స్నో బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడి తీయించినా ఆయన మాట పెద్దలు అప్పట్లో ఒప్పుకోలేదు, 1858 వేసవిలో థేమ్స్ నది కంపు పార్లమెంటు కిటికీల దాకా వచ్చాకే మురుగు కాలవలకి డబ్బు మంజూరైంది. అది కూడా కంపు వల్లే రోగం అన్న తప్పు నమ్మకంతో కట్టించారు, తప్పుడు కారణంతో మంచి పని జరిగింది! మనది దానికి రివర్సు, కారణం సరిగ్గా తెలిసింది, పని జరగలేదు.

ఇవాళ ఎవరైనా కుళాయిలో మురికి నీళ్ళొస్తే, కాచుకుని తాగడం మీ బాధ్యత అంటే ఒప్పుకుంటామా? రోడ్డెక్కుతాం, మీరు ఫోటో వేస్తారు. అదే నలభై మంది పిల్లలు కూర్చున్న మూసిన క్లాసురూములో ఒకరు వదిలిన గాలి ఒకరు పీల్చుకుంటుంటే దాన్ని సమస్య అని కూడా అనుకోం. కళ్ళకి కనిపించదు కదా అంటారేమో, కనిపించేలా చెయ్యొచ్చు. కార్బన్ డయాక్సైడ్ మీటర్ అని అరచేతిలో పట్టేంత యంత్రం ఉంటుంది, నేను ఒకటి కొనుక్కుని జేబులో వేసుకుని తిరుగుతున్నా, ఇంట్లోవాళ్ళు పిచ్చి అంటున్నారు, అననివ్వండి. ఆరుబయట అది 420 చిల్లర చూపిస్తుంది, అంటే పది లక్షల పాళ్ళ గాలిలో ఆ గ్యాసు అన్ని పాళ్ళని. మనం వదిలే ఊపిరిలో ఆ గ్యాసు దాదాపు 40,000 ఉంటుంది. క్లినిక్‌కి రెండోసారి వెళ్ళినప్పుడు తీసి చూస్తే ఆ వెయిటింగ్ రూములో 2,200 దాటింది. లెక్క కడితే అక్కడ మనం పీల్చే ప్రతి ఇరవై ఊపిర్లలో ఇంచుమించు ఒకటి పక్కవాళ్ళ ఛాతీలోంచి వచ్చింది అన్నమాట. శానిటైజర్ సీసా ఖాళీగా ఉందని గొడవపడేవాళ్ళం, ఎంగిలి గ్లాసు ముట్టుకోనివాళ్ళం, ఎంగిలి ఊపిరి మాత్రం ఇరవైకి ఒకటి చొప్పున పీలుస్తూ కూర్చుంటాం.

చెయ్యడం చేతకాక కాదండీ. కిటికీ ఉంటే తియ్యడం, లేకపోతే ఫిల్టరు పెట్టడం. రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ అని ఇద్దరు 2020లో ఒక ఫ్యానుకి నాలుగు పక్కల ఫిల్టర్లు టేపుతో అతికించి ఒక పెట్టె చేశారు, స్కూలు పిల్లలే చేసుకునేంత సులువు, బాగా పనిచేస్తుంది కూడా. అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం 2023లో క్రిములున్న గాలిని గదుల్లో ఎంత శుభ్రం చెయ్యాలో 241 నెంబరు స్టాండర్డు రాసింది. బెల్జియం 2022లో జనం వచ్చిపోయే చోట్ల గాలి గురించి చట్టమే చేసింది. నర్సులకి దారి చూపిన ఫ్లోరెన్స్ నైటింగేల్ అయితే 1859లోనే, రోగికి చలి పుట్టకుండా గదిలో గాలిని బయటి గాలంత స్వచ్ఛంగా ఉంచడమే నర్సు పనిలో మొట్టమొదటిది అని రాసింది. ఇవన్నీ ఉన్నాయి. 2023 మే 5న ఎమర్జెన్సీ అయిపోయింది అన్నారు, అంతటితో మనం అన్నీ సర్దేశాం, మాస్కులు, గుండ్రాలు, కిటికీలు తియ్యాలన్న కాస్త ధ్యాస, అన్నీ. 2020, 2021 రెండేళ్ళలోనే మామూలు కంటే దాదాపు కోటి 49 లక్షల మంది ఎక్కువగా చనిపోయారని ఆరోగ్య సంస్థ అంచనా, అప్పటికి దేశాలు లెక్కల్లో చూపించింది 54 లక్షలు. లెక్కలో చేరని ఆ తొంభై ఐదు లక్షల్లో కొవిడ్‌తో పోయినవాళ్ళూ ఉన్నారు, ఆసుపత్రిలో చోటు దొరక్క వేరే జబ్బుతో పోయినవాళ్ళూ ఉన్నారు. పోనీ కొవిడ్ వదిలెయ్యండి, గాలిలోనే పాకే టీబీ 2023లో పన్నెండున్నర లక్షల మందిని పొట్టన పెట్టుకుంది, అంటుజబ్బుల్లో మళ్ళీ అదే మొదటి స్థానం. దాన్ని 1993లోనే ఆరోగ్య సంస్థ ప్రపంచ ఎమర్జెన్సీ అంది, ఆ సంగతి ఎవరికి గుర్తుందండీ.

చేతులు కడుక్కోవద్దని నేనెక్కడా అనట్లేదు, దయచేసి అలా హెడ్డింగు పెట్టకండి. విరేచనాల జబ్బుల్లో, ఆపరేషన్ గదుల్లో చేతులు కడుక్కోవడం ఎన్ని ప్రాణాలు కాపాడిందో అందరికీ తెలిసిందే. నా బాధల్లా, ఊపిరి జబ్బుని చేతుల జబ్బుగా మార్చి, జనం మీద వేసి, జనంలో మళ్ళీ దగ్గినవాడి మీద వేసి, కిటికీలు బిగించినవాళ్ళని ఒక్క ప్రశ్న అడక్కుండా వదిలేశాం అని.

మీరు రోజూ మొదటి పేజీలో ఓ మూల బయటి గాలి నాణ్యత నెంబరు వేస్తున్నారు కదండీ, పొగ ఎక్కువైన రోజు ఎర్ర రంగులో. బాగుంది. రోజులో ఎక్కువ గంటలు మనం ఉండేది లోపలే. మీ విలేకరుల చేతికి ఒక మీటరు ఇచ్చి ఒక వారం తిప్పండి, స్కూలుకి, బస్సుకి, కోచింగ్ సెంటర్‌కి, ఆసుపత్రి వెయిటింగ్ హాలుకి, సినిమా హాలుకి, చివరికి మీ న్యూస్‌రూమ్‌కి కూడా. ఏ నెంబరు వస్తే ఆ నెంబరు వెయ్యండి, వ్యాఖ్యానం ఏమీ అక్కర్లేదు.

రెండోసారి క్లినిక్‌కి వెళ్ళాను అన్నా కదా, శానిటైజర్ స్టాండులో ఈసారి కొత్త సీసా పెట్టారు. నేను మీటర్ తీసి ఆ అబ్బాయికి చూపించి 2,200 బాబూ అన్నా. ఏంటి సార్ అది, షుగరా అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను, విన్నాడు, నా వంతు వచ్చేలోపు స్క్రూడ్రైవర్ తెచ్చి కిటికీ చుట్టూ పెయింటు గీకడం మొదలుపెట్టాడు, ఒక రెక్క సగం ఊడింది, ఇంతలో లోపల్నుంచి ఎవరో ఏసీ వేసుందని కేకేశారు. నా నెంబరు పిలిచారు, నేను లోపలికి వెళ్ళిపోయా. బయటికొచ్చేసరికి ఆ రెక్క బెత్తెడు తెరిచే ఉంది.

ఇట్లు
మీ పాత పాఠకుడు